ఇండ్ల ప్రక్క పెద్ద దుకాణము – రైతులు అడుగవలసిన ప్రశ్నలు



విత్తనశుద్ధిని గూర్చియు, ఎరువుల మోతాదును గూర్చియు నేనీ పత్రికలో తరచుగా వ్రాయుచుండుట మీరెరుగుదురు. ఈ మాసము ఆ సంగతులను ప్రక్కకుంచి వేరొక విషయమును ఎత్తుకొనుచున్నాను. ఇది పంటను గూర్చినది గాకున్నను, పంట పండించువాని ఇంటిని గూర్చినది, ఆ పంట అమ్ముడుపోవు తావును గూర్చినది. కావున మన పత్రికకు తగిన విషయమేయని తలంచుచున్నాను.

రాయికల్ చుట్టుపట్ల నేను తిరుగు ఊళ్లలో ఒకదానికి, పసుపులో ఆకుమచ్చ తెగులును గూర్చి చెప్పుటకై ఒక సాయంకాలము వెళ్లితిని. సంఘపు వసారాలో పదిపన్నెండుమంది రైతులు కూర్చుండియుండిరి. నా మాట ఎవరి చెవికిని ఎక్కలేదు. ఊరివెలుపల బాటప్రక్కనున్న పొలమును చూచుటకు కారులో ఎవరో వచ్చిపోయిరట. అక్కడ పట్టణపు మాదిరి పెద్ద దుకాణము కట్టుదురట. ఈ వదంతిపైననే అందరి మనస్సు నిలిచియుండెను. కుర్రవారికి ఉత్సాహముగా నుండెను. కిరాణము నడుపు సభ్యుడు మాత్రము నోరు మెదపక కూర్చుండెను.

అందులో ఒక వృద్ధుడు కలడు. అతని ఇల్లు ఆ పొలమునకు ఆనుకొనియే యున్నది. అతని కోడలు వారపు అంగడిలో కూరగాయల గంప పెట్టుకొని అమ్మును. కొడుకు గల్ఫులో నున్నాడు. ఇంటివెనుక నున్న అర ఎకరమును కూడ అమ్మివేయుమని దళారి అప్పటికే రెండుమారులు వచ్చి అడిగిపోయెను. ఆ వృద్ధుడు నన్ను చూచి, "సారూ, చదువుకున్నోళ్లు మీరు. గిది మాకు మంచికా, చెడ్డకా? ఒక్క మాటల చెప్పుండ్రి" అనెను.

ఒక్క మాటలో చెప్పుటకు నాకు చేతకాలేదు. "పెద్దయ్యా, నాకొక నెల గడువిమ్ము, తెలిసికొని చెప్పెదను" అంటిని. ఆ మాట చెల్లించుటకే ఈ వ్యాసము.

ఇండ్లవారి భయములు

పెద్ద దుకాణము వచ్చుననగానే ఇరుగుపొరుగువారు భయపడుదురు. దానిని అజ్ఞానమని కొట్టివేయువారు కలరు. ఆ భయములను ఒక్కొక్కటిగా విప్పి చూచినచో అందులో పెక్కు న్యాయమైనవేయని తోచును.

మొదటిది బాట. పెద్ద దుకాణమునకు సరుకు లారీలపై వచ్చును. పగలు కొనువారి రద్దీ యుండును గావున, ఆ లారీలు సాధారణముగా రాత్రియందో తెల్లవారుజామునో దిగుమతి చేయును. మన ఊళ్లలో అదే బాటపై వరికోతల కాలమున ట్రాక్టర్లు నడచును, అంచులవెంబడి ధాన్యము ఆరబోయుదురు, పశువులు పోవును, పిల్లలు బడికి నడచుదురు. లారీ ఏ ద్వారమున లోనికి పోవును, ఎక్కడ మళ్లును, వచ్చినవారి బండ్లు ఎక్కడ నిలుచును అనునది అడుగవలసిన మొదటి ప్రశ్న.

రెండవది వాననీరు. ఇది చాలమందికి తట్టదు. కాని నేల పనివారమైన మనకు తట్టవలెను. ఒక ఎకరముపై ఒక్క సెంటీమీటరు వాన కురిసినచో సుమారు 40 వేల లీటర్ల నీరు పడును. అయిదు సెంటీమీటర్ల వానకు అది రెండు లక్షల లీటర్లగును. అది దున్నిన పొలమైనచో చాలవరకు నేల త్రాగును. దానిపై సిమెంటు పరచి, పైకప్పు వేసినచో ఆ నీరంతయు పల్లమునకు పారవలసినదే. ఆ పల్లమున ఎవరి ఇల్లున్నది? ఆ నీటికి కాలువ త్రవ్వించువారెవరు? ఈ లెక్క కాగితముపై లేకుండ కట్టడము లేచినచో, మొదటి పెద్దవానకే ఆ లెక్క పొరుగింటి గడపలో తేలును.

మూడవది బోరుబావి. శీతల గదులకును, మరుగుదొడ్లకును నీరు కావలెను. తెలుగునేలపై 2002లో చేసిన నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టము ప్రకారము క్రొత్త బోరునకు అధికారుల అనుమతి కావలెను. ప్రక్కనున్న మంచినీటి బావులు ఎండిపోవునేమోయని ఆ సందర్భముననే అడుగవచ్చును.

నాల్గవది చప్పుడు. కరెంటు పోయినప్పుడు జనరేటరు మ్రోగును. శీతల యంత్రములు రాత్రియంతయు తిరుగును. కేంద్రప్రభుత్వము 2000లో చేసిన శబ్ద నియమములలో నివాస ప్రాంతమునకు పగలు 55 డెసిబెల్సు, రాత్రి పదినుండి ఉదయము ఆరువరకు 45 డెసిబెల్సు పరిమితిగా నిర్ణయింపబడినవి. ఈ అంకెలు తెలిసియున్నచో, "మీ యంత్రము మాకు నిద్రపట్టనీయదు" అను మొరకు బలము చేకూరును.

అయిదవది చెత్త. కుళ్లిన కాయలు, అట్టపెట్టెలు, ప్లాస్టికు సంచులు ప్రతిదినము పోగగును. వానిని ఎత్తువారెవరు, ఎన్ని దినములకొకమారు ఎత్తుదురు? ఎత్తనిచో కుక్కలును పందులును చేరుటకు ఎంతోకాలము పట్టదు.

ఆరవది భూమి ధర. దీనిని లాభములలో వ్రాయవలెనో నష్టములలో వ్రాయవలెనో నాకును తెలియదు. అమ్మువానికి లాభమే. అయితే బాటప్రక్క ధర పెరిగినకొలది కౌలుకు చేయువానికి నేల దొరకదు. అన్నదమ్ముల పంపకములలో తగవులు పెరుగును. అమ్మిన డబ్బు ఇంటికి వచ్చిన నాడు కనబడినంత పెద్దదిగా మూడేండ్లకు కనబడదని మీకు నేను చెప్పవలసిన పనిలేదు.

చిన్న దుకాణము, కూరగాయల గంప

ఇక వర్తకుల మాట. మన ఊరి కిరాణము వెల కొంచెము హెచ్చని కుర్రవారు చెప్పుదురు, నిజమే. కాని నాట్లనాడు తీసికొన్న పప్పునకు కోతలనాడు డబ్బు పుచ్చుకొనువాడు ఆ కిరాణమువాడే. ఆ ఉద్దెర ఖాతాయే పంట చేతికి వచ్చువరకు చాల ఇండ్లలో పొయ్యి వెలిగించుచున్నది. పెద్ద దుకాణములో వెల తగ్గవచ్చును. కాని అక్కడ యంత్రము ముందర నిలుచున్న పిల్లవానికి మీ పేరు తెలియదు, మీ పొలము తెలియదు. డబ్బు చెల్లింపనిదే సంచి బయటికి రాదు.

హైదరాబాదులో సూపరుబజారులు క్రొత్తవి కావు. త్రినేత్ర అను సంస్థ 1986లోనే అక్కడ పుట్టినది. 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ దుకాణములు దేశములోనే మొట్టమొదట హైదరాబాదులో తెరవబడినవి. కూరగాయలను ప్రధానసరుకుగా పెట్టుకొని అంత పెద్ద సంస్థ దిగుట అందరికిని క్రొత్త. మరుసటి సంవత్సరము 2007 మే నెలలో రాంచీ నగరములో కూరగాయలమ్మువారు కోపించి ఆ దుకాణములపై పడిరి. ఆగస్టులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము లక్నో, వారణాసి నగరములలో వానిని మూయించెను. అద్దములు పగులగొట్టుట పరిష్కారము కాదు. పగులగొట్టినవారు పోలీసు కేసులలో తిరుగుదురు. అద్దములు మరల అమర్చబడును. అయినను అంతమంది బీదవారు అంత భయపడిరన్న సంగతిని మాత్రము తేలికగా తీసికొనరాదు.

ఆ భయము ఎంతవరకు నిజమైనది? భారత అంతర్జాతీయ ఆర్థికసంబంధముల పరిశోధన మండలివారు 2008లో ఒక నివేదిక ప్రకటించిరి. వారు రెండువేలకు పైగా చిన్న దుకాణదారులను విచారించిరి. పెద్ద దుకాణము ప్రక్కనున్న చిన్నవారికి మొదట అమ్మకములును లాభములును తగ్గినవనియు, కాలము గడచినకొలది ఆ దెబ్బ కొంత తగ్గినదనియు అందు వ్రాయబడినది. ఏటేట మూతపడిన చిన్న దుకాణములు నూటికి నాలుగు చొప్పున నుండగా, పెద్ద దుకాణముల పోటీవలన మూతపడినవి నూటికి రెండుకంటె తక్కువ. కాబట్టి ఊరంతయు ఒక్కమారుగా మునుగునన్నది అతిశయోక్తి. కాని ఆ మునిగిన ఒక్కటి మన చుట్టపుదైనచో నూటికి రెండన్న లెక్క మనలను ఓదార్చదు.

కూరగాయల గంపవారికి ఒక రక్షణ కలదు. 2014లో పార్లమెంటు వీధివర్తకుల చట్టము చేసెను. పట్టణములో వీధివర్తకులను లెక్కింపవలెననియు, లెక్కింపనిదే వారిని లేవగొట్టరాదనియు, స్థలములను నిర్ణయించు సంఘములో నూటికి 40 మందికి తక్కువకాకుండ వీధివర్తకులే యుండవలెననియు, వారిలో మూడవవంతు స్త్రీలై యుండవలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. రాయికల్ 2018లో పురపాలకమైనది గావున, ఇక్కడ గంప పెట్టుకొని అమ్మువారు తమ పేర్లు ఆ లెక్కలో చేరినవో లేవో కార్యాలయమునకు పోయి చూచుకొనవలెను. పేరు లేనివారికి హక్కు చూపుట కష్టము.

రైతు ఆశ, నా తప్పు

"దుకాణమువారు మన పంట మన దగ్గరనే కొనరా? మధ్యవర్తి పోవును గదా?" అని కుర్రవారు అడిగిరి. ఈ ప్రశ్నకు నేను నా తప్పు ఒకటి ఒప్పుకొని జవాబు చెప్పవలసియున్నది.

కొన్నేండ్ల క్రిందట వేరొక ప్రాంతములో నేను పనిచేయుచుండగా, పట్టణములో క్రొత్తగా తెరచిన ఒక దుకాణమువారు టమాట కొందుమనిరి. దాని పేరు ఇక్కడ అనవసరము. బజారుధరకంటె కిలోకు హెచ్చు ఇత్తుమనిరి. ఆ మాట విని నేను ఊరూర తిరిగి రైతులచే టమాట వేయించితిని. వ్రాతపూర్వకమైన ఒడంబడిక అడుగవలెనని నాకు తోచలేదు. పంట వచ్చెను. మొదటిదినము అన్నియు తీసికొనిరి. తరువాత ఏరుట మొదలుపెట్టిరి: ఇది చిన్నది, దీనికి మచ్చ, ఇది ఎక్కువ పండినది అని త్రిప్పిపంపిరి. త్రిప్పిపంపిన సరుకు మార్కెటుకు చేరునప్పటికి ప్రొద్దెక్కి వేలము ముగిసెడిది.

లెక్క సులువుగా తెలియుటకు ఒక ఉదాహరణము చెప్పెదను. రైతు తెచ్చినది 200 కిలోలు. తెల్లవారుజామున మార్కెటులో కిలో 10 రూపాయలైనచో మొత్తము 2,000 రూపాయలు. దుకాణమువారు పన్నెండున్నర ఇత్తురు; కాని 80 కిలోలే తీసికొందురు. దానికి 1,000 రూపాయలు. మిగిలిన 120 కిలోలు ఆలస్యముగా మార్కెటుకు పోయి కిలో 5 రూపాయల చొప్పున 600 తెచ్చును. మొత్తము 1,600. ధర హెచ్చినను రైతుకు 400 తగ్గినవి. ఈ ధరలలో అతనికి నష్టము రాకుండవలెనన్నచో దుకాణమువారు కనీసము 134 కిలోలు, అనగా మూడింట రెండువంతులు తీసికొనవలెను. కావున "కిలోకు ఎంత ఇత్తురు?" అని అడిగినచో సగమే అడిగినట్లు. "ఎంత తీసికొందురు, త్రిప్పిపంపినదాని గతి యేమి?" అన్నది మిగిలిన సగము.

ఆ యేడు నా మాట నమ్మి నష్టపోయిన ఇండ్లకు నేను మరల పోయినప్పుడు నన్నెవరును తిట్టలేదు, మజ్జిగ ఇచ్చిరి. తిట్టినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఇందులో రెండవ ప్రక్కను కూడ చెప్పుట న్యాయము. నేను పైన చెప్పిన 2008 నాటి నివేదికలోనే, పెద్ద దుకాణములకు నేరుగా కాలిఫ్లవరు అమ్మిన రైతులకు మార్కెటు ధరకంటె సుమారు నూటికి 25 హెచ్చు వచ్చెననియు, లాభము నూటికి 60 హెచ్చెననియు వ్రాయబడియున్నది. తూకము సరిగా నుండుట, డబ్బు వెంటనే చేతికి వచ్చుట, రవాణా ఖర్చు తగ్గుట దీనికి కారణములు. కావున మేలు లేదనరాదు. మేలు ఏరిన సరుకు గలవానికి దక్కును. ఏరగా మిగిలినదానికి వేరొక దారి చూచుకొన్నవానికి నిలుచును. మన మామిడికైనను, కూరగాయలకైనను ఇదియే న్యాయము. 1999లో ప్రారంభింపబడిన రైతుబజారులు అట్టి వేరొక దారి. టోకుధరకు కొంత పైగా, చిల్లరధరకు కొంత క్రిందుగా అక్కడ వెల నిర్ణయింతురు. ఆ తేడా రైతుకును, కొనువానికిని పంచబడును.

చట్టము ఎంతవరకు తోడువచ్చును

2012 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము చిల్లర వర్తకములో విదేశీ పెట్టుబడిని నూటికి 51 వరకు అనుమతించినప్పుడు దేశమంతట బందు జరిగినది. ఆ అనుమతిలో షరతులు పెట్టిరి: పెట్టుబడి 10 కోట్ల డాలర్లకు తగ్గరాదు, ఆ పెట్టుబడిలో సగము గిడ్డంగులు, శీతల గదులవంటి వానిపై పెట్టవలెను, ఒప్పుకొనుట మానుట రాష్ట్రముల ఇష్టము. చాలమంది ఈ షరతులు అన్ని పెద్ద దుకాణములకును వర్తించునని తలంతురు. అది పొరపాటు. స్వదేశీ సంస్థ పెట్టు దుకాణమునకు ఇవి వర్తింపవు. అట్లే 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము ముందస్తు అనుమతి కావలసినది 20,000 చదరపు మీటర్లకు, అనగా సుమారు అయిదెకరముల కట్టడపు వైశాల్యమునకు తగ్గని భవనములకే. చిన్న పట్టణములలో వచ్చు దుకాణములు సాధారణముగా అంతకు చాల లోబడియుండును. కావున ఢిల్లీలో ఎవరో చూచుకొందురని ఊరకుండరాదు. మన రక్షణ మన పురపాలక కార్యాలయములోను, మన పంచాయతీలోను ఉన్నది.

అక్కడ గుర్తుంచుకొనవలసినది కాలము. తెలంగాణలో 2020 నాటి భవనానుమతుల చట్టము ప్రకారము పెద్ద కట్టడముల దరఖాస్తుపై 21 దినములలో తీర్మానము చేయవలెను. గడువులోపల కార్యాలయము ఏ మాటయు చెప్పనిచో అనుమతి వచ్చినట్లే యగును. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద పత్రములడిగినచో జవాబునకు 30 దినముల గడువు. 30 దినముల జవాబునకై కూర్చున్నవానికి 21 దినములలో కట్టడము మంజూరైపోవును. కావున సమాచారపు దరఖాస్తును పెట్టుచునే, అదేదినము అభ్యంతరములను కూడ వ్రాతపూర్వకముగా ఇచ్చి, చేరినట్లు రసీదు తీసికొనవలెను. నోటిమాటగా చెప్పినది కార్యాలయపు గడప దాటగానే మాసిపోవును.

దీనికి ముందొక మెట్టు కలదు. వ్యవసాయభూమిపై దుకాణము కట్టవలెనన్నచో దానిని వ్యవసాయేతర భూమిగా మార్పించుకొనవలెను. దీనికి 2006లో ప్రత్యేకముగా చట్టము చేసిరి. భూమి మారినదా లేదా అన్నది రెవెన్యూ కార్యాలయములో తెలియును. వదంతి నిజమో కాదో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి చోటు లేదు.

ఇతరదేశముల మాట ఒకటి చెప్పెదను. జపానుదేశమువారు 1973లో పెద్ద దుకాణములను అదుపుచేయుటకు ఒక చట్టము చేసిరి. దాని ఉద్దేశము చిన్న వర్తకులను కాపాడుట. తరువాత దానిని తీసివేసి 2000 నుండి మరియొక చట్టమును అమలుచేసిరి. ఈ క్రొత్తదానిలో 1,000 చదరపు మీటర్లకు మించిన దుకాణము పెట్టువారు బండ్ల నిలుపుదల, చప్పుడు, చెత్త మొదలగు విషయములలో ఇరుగుపొరుగువారికి కీడు కలుగకుండ ఏర్పాట్లు చూపవలెను. ఊరివారిని పిలిచి సభ చేసి సంగతులు వివరింపవలెను. మనకు అట్టి చట్టము లేదు. కాని అట్టి సభ పెట్టుమని అడుగుటకు మనలనెవరును అడ్డగింపరు. మంచి పేరు కోరు వర్తకుడు ఆ సభకు వచ్చును. రానివాని సంగతి అప్పుడే మనకు తెలిసిపోవును.

ఆ సభలో అడుగవలసిన ప్రశ్నలు ఇవి:

1. లారీలు ఏ వేళ, ఏ ద్వారమున వచ్చును? బండ్లు నిలుపు స్థలము ఆవరణలోపల ఎంత?
2. వాననీరు ఎటు పారును? ఇంకుడుగుంతలు ఎన్ని?
3. నీరు ఎక్కడినుండి తెత్తురు? బోరు ఎంత లోతు?
4. జనరేటరు ఎవరి ఇంటివైపు పెట్టుదురు?
5. చెత్త ఎవరు, ఎప్పుడు ఎత్తుదురు?
6. ఉద్యోగములు ఎన్ని? ఊరివారికి ఎన్ని? నెలజీతమా, దినకూలియా?
7. మన పంట కొందురా? ఏ ఏరికతో, ఎంత, ఏ ఒడంబడికతో?
8. దుకాణము మూసివేసినచో కట్టడమును ఏమి చేయుదురు?

ఈ చివరి ప్రశ్నను అడుగుట చాలమంది మరతురు. పెద్ద దుకాణము నష్టమువచ్చిన యేడు తాళమువేసి పోగలదు. ఆనాటికి ఊరి కిరాణము మూతపడియుండును, పొలము సిమెంటు క్రింద నుండును.

సంఘము చేయగల పని

వచ్చినవానిని అడ్డగించుటయే పనిగా పెట్టుకొన్న సంఘము ఎంతోకాలము నిలువదు. మన సంఘమే మంచి దుకాణము నడుపలేదా అన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న.

సహకారోద్యమము పుట్టినదే దుకాణములో. 1844 డిసెంబరు 21వ తేదీన ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది పనివారు ఒక చిన్న అంగడి తెరచిరి. వారిలో చాలమంది నేతపనివారు. మన సిరిసిల్లవారివలె మగ్గమును నమ్ముకొన్నవారు. వారి మూలధనము 28 పౌనులు. అమ్మకమునకు పెట్టినవి పిండి, వెన్న, చక్కెర, ఓట్ల పిండి వంటి నాలుగైదు సరుకులే. కల్తీలేని సరుకు, సరియైన తూకము, మనిషికొక ఓటు, కొన్నంత కొలదిగా లాభములో వాటా: ఇవే వారి నియమములు. మన దేశములో 1904లో మద్రాసు తిరువల్లికేణిలో ఇట్టి దుకాణ సంఘము వెలసినది.

రాచ్‌డేల్‌వారు అప్పు ఈయలేదు, రొక్కమునకే అమ్మిరి. వారికి వారవారము కూలి వచ్చును గావున అది చెల్లినది. ఆరుమాసములకొకమారు డబ్బు చూచు మన రైతునకు ఆ నియమము అట్లే పెట్టినచో చెల్లదు. దీనికి మార్గమును మన పాత కరీంనగరు జిల్లాలోనే చూపినవారున్నారు. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు ముల్కనూరులో పదునాలుగు గ్రామములకు స్థాపించిన సహకార గ్రామీణ బ్యాంకు ఋణమును, ఎరువును, పంట అమ్మకమును ఒక్కచోట కూర్చినది. సభ్యుడు పంటను సంఘముద్వారా అమ్మును. అప్పు అందులో పట్టుకొనబడును. మిగిలినది చేతికి వచ్చును. అప్పు పంటతో ముడిపడినది గావున అది మునుగదు. 2000లో అదే ముల్కనూరులో స్త్రీలు తమ స్వంత పాలసంఘమును స్థాపించుకొనిరి. మన సంఘముల ఎరువుల గిడ్డంగిలో ఒక మూల నూనె, పప్పు, సబ్బు పెట్టి, పది ఊళ్ల సంఘములు కలిసి టోకున కొనినచో, వెలలోనైనను తూకములోనైనను పెద్ద దుకాణమునకు మనము ఎంతో తీసిపోము. ఊరి కిరాణమువానిని కూడ అందులో చేర్చుకొని అతనికి టోకుధరకు సరుకిచ్చుట ఉత్తమము. అతని ఉద్దెర ఖాతా మనకు శత్రువు కాదు.

రెండవ పని ఏరిక. మన సంఘపు చావడిలోనే కాయలను మూడు తరగతులుగా ఏరుట నేర్చుకొన్నచో, మొదటి తరగతిని దుకాణమునకును, రెండవదానిని మార్కెటునకును, మూడవదానిని పచ్చడికిని పంపవచ్చును. అప్పుడు త్రిప్పిపంపువాడు మనపై పెత్తనము చేయలేడు. దీనిని మీ ఊళ్లలో చేసి చూపుటకు నేను సిద్ధముగా నున్నాను. ఈమారు ఒడంబడిక వ్రాతపూర్వకముగా లేనిదే ఎవరిని పంట వేయుమనను.

వృద్ధునకు జవాబు

నెల గడచిన పిదప ఆ వసారాకు మరల పోయితిని. పైన వ్రాసినదంతయు చదివి వినిపించితిని. వృద్ధుడు శ్రద్ధగా విని, "అంటే మంచా చెడ్డా మీరు చెప్పరన్నమాట" అనెను. అందరును నవ్విరి. "పెద్దయ్యా, నీ కోడలి గంపకు స్థలముండి, నీ గడపలోనికి నీరు రాక, నీ పంట వ్రాతపూర్వకముగా కొన్నచో మంచిదే. ఈ మూడింటిలో ఏది తప్పినను నీకది చెడ్డదే" అంటిని.

అతడు కొంతసేపు ఊరకుండి, అర ఎకరమును ఇప్పుడు అమ్మననియు, కొడుకుతో ఫోనులో మాట్లాడితిననియు, కట్టడపు పటము కంటితో చూచిన పిదపనే దళారితో మాటయనియు చెప్పెను. అతని కోడలు వసారా స్తంభము దగ్గర నిలువబడి యుండెను. "సారూ, గా పట్నపు లెక్కల మా పేర్లు ఎక్కియ్యాలంటే ఎవ్వలను అడగాలె?" అనెను. మరుసటి సోమవారము నలుగురు స్త్రీలతో కలిసి పురపాలక కార్యాలయమునకు పోవుటకు నిశ్చయమైనది. అర్జీ నేనే వ్రాసియిచ్చితిని.

సభ్యులారా, మీ ఊరివెలుపల ఇట్టి వదంతి వినబడినచో మొదట రెవెన్యూ కార్యాలయములో నిజము తెలిసికొనుడు. పిదప పై ఎనిమిది ప్రశ్నలను కాగితముపై వ్రాసి, ఇండ్లవారందరి సంతకములతో ఇచ్చి, రసీదు తీసికొనుడు. మీకు తోచిన తొమ్మిదవ ప్రశ్న యున్నచో మన సంఘ కార్యదర్శికి వ్రాసి యిండు. వచ్చు సంచికలో దానిని అందరికిని తెలిపెదను. పసుపు ఆకుమచ్చ తెగులును గూర్చి ఆనాడు చెప్పలేకపోయిన సంగతులు కూడ ఆ సంచికలోనే వ్రాసెదను.